టైప్ వన్ పాప కోసం ఇంట్లో చేసిన అలారం పెట్టె: దీనిమీద సంస్థ పెట్టవచ్చా?

రాత్రికాపరి (గుంటూరు):
అందరికీ నమస్కారం. మా పాపకు అయిదేళ్ల వయసులో టైప్ వన్ మధుమేహం బయటపడింది. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును. కర్మాగారాలకు నియంత్రణ పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేస్తున్నాను.

రాత్రిపూట షుగర్ పడిపోవడమే మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద భయం. పగలైతే వణుకు, చెమట పాపకే తెలుస్తాయి, నోరు తెరిచి చెబుతుంది. గాఢ నిద్రలో ఆ గుర్తులేవీ తనను లేపకపోవచ్చు. చేతికి, చక్కెరను ఎడతెరపి లేకుండా కొలిచే సెన్సర్ పెట్టించాక అర్ధరాత్రి వేలికి సూది గుచ్చి చూడటం చాలావరకు తగ్గింది గాని, అలారం బాధ్యత ఫోను మీద పడింది. బ్యాటరీ ఆదా చేసే అమరిక వల్ల ఫోను ఆ యాప్‌ను చడీచప్పుడు లేకుండా ఆపేస్తుంది. మోగినా, నిద్రమత్తులో తెర మీద వేలు జరిపి ఆపేసి మళ్లీ పడుకోవడం ఇంటింటా జరిగే పనే. పైగా మేమిద్దరం ఊళ్లో లేని రోజుల్లో పాప దగ్గర ఉండేది మా అమ్మ. ఆమెకు స్మార్ట్‌ఫోను అలవాటు లేదు.

అందుకని ఒక పెట్టె చేశాను. పాత ఫోను ఒకటి పాప మంచం పక్కనే ఉండి, సెన్సర్ అంకెలను ఇంటి వైఫై ద్వారా పెట్టెకు పంపుతుంది. పెట్టె మీద దూరం నుంచి కనబడేంత పెద్ద అంకె, మూడు రంగుల దీపాలు, గట్టిగా మోగే బజరు ఉంటాయి. అంకెలు రావడం ఆగిపోతే వేరే స్వరంలో మోగుతుంది. దానిని ఆపే మీట మాత్రం పెట్టె మీద లేదు. పాప మంచం తలాపున, గోడకు ఉంది. అక్కడిదాకా లేచి వెళ్లి, పాపను చూసి, మీట నొక్కితే తప్ప మోత ఆగదు. మా అమ్మ ఇప్పుడు ఏ భయమూ లేకుండా పాపతో ఒంటరిగా ఉంటోంది.

ఆసుపత్రిలో పరిచయమైన కొన్ని కుటుంబాలవారు తమకూ ఇటువంటిది కావాలని అడుగుతున్నారు. ఉద్యోగం మానేసి, దీనిని సరైన వైద్య పరికరంగా తయారుచేసే సంస్థ పెట్టాలని ఉంది. ఈ దారిలో నడిచినవారు, నడవకుండా ఆగినవారు కూడా తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

చార్లెస్ తీరం (బోస్టన్):
రాత్రికాపరి గారూ, నేను ఉండే ఊరిలోనే మీలాంటి ఒక తండ్రి కథ ఉంది. బోస్టన్ విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజనీరింగ్ బోధించే ఎడ్వర్డ్ డామియానో కుమారుడు డేవిడ్‌కు 2000లో, పదకొండు నెలల పసితనంలో టైప్ వన్ వచ్చింది. తల్లి పిల్లల వైద్యురాలు. సెన్సర్ చెప్పే అంకెను బట్టి పంపు తనంతట తానే ఇన్సులిన్ మోతాదును నిర్ణయించే పరికరం తయారుచేయాలని, కొడుకు కాలేజీకని ఇల్లు విడిచేలోగా దానిని అతని చేతిలో పెట్టాలని ఆయన సంకల్పించారు. ఫిరాస్ ఎల్ ఖతీబ్‌తో కలిసి గణిత సూత్రాలు రాసి, మొదట మధుమేహం కలిగించిన పందుల మీద, తరువాత మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో స్టీవెన్ రస్సెల్ బృందంతో కలిసి మనుషుల మీద పరీక్షించారు.

బీటా బయోనిక్స్ అనే సంస్థ పుట్టినది 2015లో, అంటే కొడుకు జబ్బు తెలిసిన పదిహేనేళ్లకు. లాభంతో పాటు ప్రజాప్రయోజనాన్ని కూడా లక్ష్యంగా చట్టబద్ధంగా రాసుకుని మొదలైన సంస్థ అది. 2022లో ప్రచురితమైన ప్రధాన పరీక్షలో 6 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 326 మంది పాల్గొన్నారు. 13 వారాల్లో ఆ పరికరం వాడినవారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే రక్తపరీక్ష) సగటు 7.9 నుంచి 7.3 శాతానికి దిగింది. ఐలెట్ అనే ఆ పరికరానికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2023 మే నెలలో వచ్చింది. ఆయన మొదట తలపెట్టినది ఇన్సులిన్‌నూ, చక్కెరను పెంచే గ్లూకగాన్‌నూ రెండూ ఇచ్చే పరికరం. అనుమతి పొందినది ఇన్సులిన్ ఒక్కటే ఇచ్చేది. కొడుకు కాలేజీ గడువు ఎప్పుడో దాటిపోయింది.

మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి ఇది చెప్పడం లేదు. ఆ పరికరంలో నాకు ఎంతో నచ్చిన అంశం ఒకటుంది: భోజనంలో ఎన్ని గ్రాముల పిండిపదార్థం ఉందో లెక్కగట్టనవసరం లేదు, రోజూ తినేంతా, అంతకంటే తక్కువా, ఎక్కువా అన్నది చెబితే చాలు. ప్రతి పూటా లెక్కలు కట్టి అలసిన ఇంటివాడికే అటువంటి ఆలోచన వస్తుంది. మీట మంచం తలాపున పెట్టాలన్న మీ ఆలోచన కూడా ఆ కోవకు చెందినదే. అయితే డామియానో సంస్థ పెట్టేదాకా పరిశోధనకు విశ్వవిద్యాలయమే నీడనిచ్చింది. జీతం వదులుకునే ముందు మీకు అటువంటి నీడ ఎక్కడ దొరుకుతుందో చూసుకోండి.

బాలవైద్యం (హైదరాబాద్):
నేను పిల్లల హార్మోను వ్యాధుల వైద్యుణ్ణి. రాత్రి భయం గురించి మీరు రాసిన ప్రతి మాటా నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల నోట వింటున్నదే. అయినా రెండు విషయాలు నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది.

మొదటిది, సెన్సర్ కొలిచేది నేరుగా రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. చక్కెర వేగంగా మారుతున్నప్పుడు ఆ అంకె రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. పిల్ల సెన్సర్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే అక్కడి కణజాలం నొక్కుకుపోయి, రక్తంలో చక్కెర బాగానే ఉన్నా సెన్సర్ ఒక్కసారిగా పడిపోయిన అంకె చూపుతుంది. పక్కకు తిరిగితే కాసేపట్లో మళ్లీ మామూలు అవుతుంది. ఫోను అలారం అయితే ఇటువంటి రాత్రి ఒకరిని లేపుతుంది. మీ పెట్టె ఇంటిల్లిపాదినీ లేపుతుంది. అబద్ధపు మోతలు ఎక్కువైన ఇంట్లో కొద్ది వారాలకే ఎవరో ఒకరు దాని తీగ పీకేస్తారు, నిజంగా పడిపోయిన రాత్రి అది మూగగా ఉంటుంది. ఆసుపత్రుల ఐసీయూలలో కూడా అలారాల విసుగు గుర్తింపు పొందిన సమస్య.

రెండవది, మీ పాప కోసం మీరు చేసుకున్నది మీ ఇంటి విషయం. మరొకరి బిడ్డ మంచం పక్కన పెట్టిన క్షణం నుంచి దాని బాధ్యత వేరు. మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘం అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేకుండా, స్నేహం కొద్దీ అయినా సరే, ఇతర కుటుంబాలకు దయచేసి ఇవ్వకండి.

కరీంనగర్ అమ్మ:
డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మా బాబుకు టైప్ వన్ వచ్చిననాటి నుంచి రాత్రి రెండింటికి లేచి చూడటం నా ఒంటికి పట్టేసింది. సెన్సర్ పెట్టినా నిద్ర పట్టదు, పెట్టకపోయినా పట్టదు. అనుమతులన్నీ వచ్చేదాకా ఆగమంటే ఆ రాత్రులను ఎవరు కాస్తారు? అబద్ధపు మోతకు లేచి బిడ్డను చూసి పడుకోవడం నాకు భారం కాదు. మోగవలసినప్పుడు మోగకపోతేనే భారం.

రాత్రికాపరి గారికి మాత్రం వేరే ప్రశ్న వేస్తున్నాను. ఒక్కొక్క సెన్సరూ రెండు వారాలకే అయిపోతుంది. నాకు తెలిసిన చాలా ఇళ్లలో దానిని ఏడాది పొడవునా పెట్టించే స్తోమత లేదు. పరీక్షల రోజుల్లోనో, జ్వరం వచ్చినప్పుడో, మోతాదు మార్చినప్పుడో ఒకటి పెట్టిస్తాము. మిగిలిన రోజులన్నీ వేలి పరీక్ష స్ట్రిప్పులే, అవి కూడా లెక్కపెట్టుకుని వాడటమే. సెన్సర్ లేని రాత్రి మీ పెట్టె ఏం చేస్తుంది? ఎల్లకాలమూ సెన్సర్ పెట్టించగలిగిన వారి దగ్గర మంచి ఫోన్లు, చేతి గడియారాలు ఉంటాయి. పెట్టె అవసరం బాగా ఉన్నది మాలాంటి వారికి, సెన్సర్ లేనిది కూడా మాకే. ఈ చిక్కుముడి విప్పకుండా ఉద్యోగం వదులుకోకండి.

కోడ్‌మిత్ర (న్యూజెర్సీ):
పై ఇద్దరి వాదం ఈ రంగంలో పదేళ్లకు పైగా సాగుతున్నదే. న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ కాస్టిక్ అనే ఇంజనీరు కొడుకు ఇవాన్‌కు 2012లో, నాలుగేళ్ల వయసులో టైప్ వన్ వచ్చింది. అప్పటి సెన్సర్ అంకెలను చూపే రిసీవర్ పిల్లవాడి దగ్గరే ఉండాలి. వాడు బడికి వెళితే తండ్రికి ఏమీ తెలిసేది కాదు. ఆయన ఆ రిసీవర్‌ను తీగతో ఫోనుకు కలిపి, అంకెలను ఇంటర్నెట్‌లోకి పంపే ప్రోగ్రాము రాసుకుని, 2013లో ట్విటర్‌లో ఆ సంగతి పంచుకున్నారు. తానూ టైప్ వన్ బిడ్డకు తండ్రే అయిన లేన్ డెస్‌బరో వంటి వారు తోడయ్యారు. 2014లో నైట్‌స్కౌట్ అనే పేరుతో అది అందరికీ ఉచితంగా అందింది. మేము వేచి ఉండము అన్నది వారి నినాదం. సెన్సర్ తయారీదారు సొంతంగా తెచ్చిన దూరవీక్షణ సదుపాయానికి ఎఫ్‌డీఏ అనుమతి 2015 జనవరిలో వచ్చింది. తల్లిదండ్రులు ముందు నడిచారు, కంపెనీ వెనక వచ్చింది.

ఈ కథలో మీరు గమనించవలసినది ఒకటుంది. మీ పెట్టె మరొకరి సెన్సర్ ఇచ్చే అంకెల మీద బతుకుతుంది. ఆ కంపెనీ రేపు యాప్ మార్చి మీ దారి మూసేస్తే, మీరు అమ్మిన ప్రతి పెట్టే ఒకే రాత్రి మూగబోతుంది. ఉచిత ప్రోగ్రామయితే వాడుకరులు ఓర్చుకుని సవరణ కోసం చూస్తారు. డబ్బు తీసుకుని లైసెన్సుతో అమ్మిన వైద్య పరికరానికి ఆ వెసులుబాటు లేదు. కనుక రాతపూర్వక ఒప్పందం లేకుండా పెట్టుబడి పెట్టవద్దు.

సంస్థ అంటే లాభాపేక్ష గలదే కానవసరం లేదు. పీట్ ష్వాంబ్ అనే తండ్రి, కూతురు రైలీ పంపుకూ ఫోనుకూ మధ్య వారధిగా ఒక చిన్న పరికరం చేసి దానికి ఆమె పేరే పెట్టారు. ఇన్సులిన్ మోతాదును తనంతట తానే సర్దే లూప్ అనే ఉచిత ప్రోగ్రాముకు అది ఆధారమైంది. కూతురికి టైప్ వన్ ఉన్న హోవర్డ్ లుక్ స్థాపించిన టైడ్‌పూల్ అనే లాభాపేక్ష లేని సంస్థ, ఆ లూప్‌ను అధికారిక వైద్య సాఫ్ట్‌వేర్‌గా మలిచి 2020 డిసెంబరులో ఎఫ్‌డీఏకు దరఖాస్తు పెట్టుకుంది. అనుమతి 2023 జనవరిలో వచ్చింది. అప్పటికే ఎందరో రోజూ వాడుతున్న ప్రోగ్రాముకే రెండేళ్లు పట్టింది.

లేతుమిషన్ (సనత్‌నగర్):
నేను యంత్రభాగాల పనిలో జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. బాబూ, అమెరికాలో జాన్ హోల్టర్ అని తాళాల కంపెనీలో పనిచేసిన టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు. 1955లో పుట్టిన ఆయన కొడుకు కేసీకి మెదడులో నీరు చేరే జబ్బు. యూజీన్ స్పిట్జ్ అనే శస్త్రవైద్యుడు ఆ నీటిని మళ్లించే గొట్టం వేసేవారు గాని, ఒకవైపుకే పారనిచ్చే నమ్మకమైన కవాటం లేదు. హోల్టర్ ఇంటి దగ్గరే కూర్చుని చీలిక కవాటం రూపొందించారు. రూపం కంటే పదార్థం దగ్గరే ఎక్కువ చిక్కు వచ్చింది: శరీరం ఓర్చుకోవాలి, ఆవిరిలో శుద్ధి చేసినా గుణం మారకూడదు. చివరకు సిలికోన్ పనికొచ్చింది. 1956 నుంచి ఆ కవాటం పిల్లలకు అమర్చడం మొదలైంది, దానిమీదనే ఆయన సంస్థ నిలబడింది. కేసీ చిన్నతనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ పని ఆపలేదు. ఇంట్లో పనిచేసిన నమూనాకూ, వేలాది చోట్ల ఒకేలా పనిచేసే వస్తువుకూ మధ్య ఉన్న దూరమంతా పదార్థంలో, తయారీలో ఉంటుంది. నీ బజరు వానాకాలపు చెమ్మకు, వోల్టేజి హెచ్చుతగ్గులకు, కరెంటు పోయిన రాత్రికి తట్టుకుంటుందా అన్నది ముందు చూసుకో.

ఉక్కునగరం (విశాఖపట్నం):
వైద్య పరికరాల నాణ్యత, లైసెన్సుల పని చేస్తుంటాను. మన దేశపు లెక్క చెబుతాను.

2017 నాటి వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి సాఫ్ట్‌వేర్‌తో సహా వైద్య పరికరాలన్నీ ఆ నియమాల కిందికి వచ్చాయి. ముప్పు పెరిగే కొద్దీ ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు ఉంటాయి. ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు విధానం అమలులోకి వచ్చింది. తయారీ లైసెన్సును మొదటి రెండింటికి రాష్ట్ర అధికారి, తరువాతి రెండింటికి కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఇస్తాయి. పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారుచేసుకోవడానికి ఎండీ-13 అనే అనుమతి వేరుగా ఉంది. మీరు మొట్టమొదట తీసుకోవలసినది అదే.

పెట్టె ఏ తరగతి కిందికి వస్తుందన్నది మీరు దాని ప్రయోజనంగా ఏమి రాస్తారన్న దానిమీద ఆధారపడుతుంది. అంకెను పెద్దగా చూపుతుంది అంటే ఒకటి. ప్రాణాపాయపు పతనాన్ని హెచ్చరిస్తుంది, ఫోను అలారం బదులు దీనినే నమ్ముకోవచ్చు అంటే పూర్తిగా వేరు. ఆ వాక్యాన్ని ముందే జాగ్రత్తగా రాసుకోండి. డిజైనంతా దాని వెంటే నడుస్తుంది. నాణ్యతా వ్యవస్థకు ఐఎస్‌ఓ 13485, ముప్పుల విశ్లేషణకు ఐఎస్‌ఓ 14971, సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304, అలారాలకు ఐఈసీ 60601-1-8 చదవండి. వైఫై ఉంది కనుక వైర్‌లెస్ పరికరాలను చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ ఆమోదం కూడా కావాలి. విద్యుత్ భద్రత, విద్యుదయస్కాంత పరీక్షల ప్రయోగశాలలు మా ఊరి మెడ్‌టెక్ జోన్‌లోనే ఉన్నాయి. నమూనా తయారీకి హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది. బయోటెక్ సంస్థలకు ఊతమిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ పథకం కింద 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. ఉద్యోగం మానే ముందే దానికి దరఖాస్తు తయారుచేసుకోండి.

మరొక హెచ్చరిక. ఇక్కడ సర్క్యూటు బొమ్మలు పెట్టకండి. బహిరంగంగా వెల్లడించిన తరువాత పేటెంటుకు కొత్తదనం పోయినట్టే. ముందు తాత్కాలిక దరఖాస్తు దాఖలు చేస్తే పూర్తి వివరాలకు పన్నెండు నెలల గడువు దొరుకుతుంది. అంతకంటే ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. మీరు చేసే ఆవిష్కరణల మీద హక్కు యజమానికే చెందుతుందని అందులో ఉందేమో చూసుకోవాలి.

రాత్రికాపరి (గుంటూరు):
అందరికీ కృతజ్ఞతలు. కరీంనగర్ అమ్మగారి ప్రశ్న నన్ను బాగా ఆలోచింపజేసింది. సెన్సర్ లేని రాత్రి కోసం పెట్టెకు మరొక పని ఇవ్వవచ్చు: పడుకునే ముందు వేలి పరీక్ష అంకె, చివరి ఇన్సులిన్ వేళ నమోదు చేస్తే, వైద్యుడు ఆ కుటుంబానికి చెప్పిన వేళకు లేపి, పరీక్ష చేసి అంకె నొక్కేదాకా వదలకుండా ఉండటం. ఎవరు లేవాలో ముందే పంచుకుంటే, ఆ రాత్రి వంతు ఉన్నవారి గదిలోనే మోగుతుంది. అన్ని రాత్రులూ తల్లి ఒక్కతే లేవనవసరం లేదు. దీనికి ఏ కంపెనీ సెన్సర్ దయా అక్కరలేదు కనుక కోడ్‌మిత్ర గారి అభ్యంతరానికీ కొంత జవాబు దొరుకుతుంది.

కరీంనగర్ అమ్మ:
ఇది నాకు కావాలి. వంతులు వేసే సంగతి ముందు పెట్టండి, దీపాల రంగులు తరువాత చూడవచ్చు. ధర ఎంతన్నది కూడా మొదటి రోజు నుంచే ఆలోచించండి. కొనలేని వారికి మధుమేహ క్లినిక్కులే కొన్నాళ్లు వాడుకోవడానికి ఇచ్చి వెనక్కి తీసుకునే పద్ధతి ఉంటే, కొత్తగా జబ్బు బయటపడిన ఇళ్లకు ఆ మొదటి నెలల్లో ఎంతో ఆసరాగా ఉంటుంది.

బాలవైద్యం (హైదరాబాద్):
క్లినిక్కు ద్వారా ఇవ్వడమన్నది నాకూ సమ్మతమే, ఎందుకంటే అప్పుడు అధ్యయనం కూడా సాధ్యమవుతుంది. మోగిన ప్రతిసారీ వేలి పరీక్ష చేసి, పెట్టె అంకె, రక్తపు అంకె, ఎవరు లేచారు, ఎంతసేపటికి లేచారు అన్నవి రాసిపెట్టాలి. ఒత్తిగిలిన రాత్రుల అబద్ధపు మోతలు ఎన్నో అప్పుడే తేలుతుంది. నైతిక సంఘానికి దరఖాస్తు రాయడంలో నేను సహాయం చేస్తాను.

చార్లెస్ తీరం (బోస్టన్):
ఇంతవరకు ఎవరూ పాపను అడగలేదు. సంస్థ పెడితే ప్రతి వేదిక మీదా మీరు చెప్పేది ఆమె కథే, మొదటి సమాచారమంతా ఆమె శరీరానిదే. పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి చాలునని చట్టం అనవచ్చు. ఏడో తరగతి పిల్లకు సొంత అభిప్రాయం ఉంటుంది.

రాత్రికాపరి (గుంటూరు):
అడిగాను. తన పేరు, ఫొటో ఎక్కడా రాకూడదన్నది. ఒప్పుకున్నాను. రెండో మాటగా, స్నేహితులు ఇంట్లో నిద్రించే రాత్రి పెట్టె ఇల్లంతా మోగడం తనకు ఇష్టం లేదని, ముందు తన చేతికి మాత్రం కంపనం వస్తే తానే లేచి గ్లూకోజు బిళ్లలు తింటానని, తాను లేవకపోతేనే మమ్మల్ని లేపమని చెప్పింది. నేను ఈ పెట్టెను పెద్దవాళ్లను లేపడానికే చేశాను. ఎదిగే పిల్లకు తన జబ్బును తానే చూసుకునే అవకాశం కూడా అందులో ఉండాలని తోచింది. డాక్టర్ గారూ, ఎన్ని నిమిషాలు ఆగవచ్చు?

బాలవైద్యం (హైదరాబాద్):
అంకె (డెసిలీటరుకు మిల్లీగ్రాములలో) 70 కన్నా దిగి 54కు పైన ఉన్నంతవరకు, పతనం వేగంగా లేనప్పుడు, మొదటి అవకాశం ఆమెకు ఇవ్వడం సబబే. నిమిషాల లెక్క మాత్రం ఊహించి చెప్పను. ఆ వ్యవధిని అధ్యయనంలో కొలవవలసిన అంశాలలో ఒకటిగా చేర్చుదాం. అంకె 54 కన్నా దిగినా, అంకెలు రావడమే ఆగిపోయినా, ఎవరి సిగ్గూ ఎవరి నిద్రా చూడకుండా ఇల్లంతా మోగాలి. ఆ హద్దును ఇంట్లో ఎవరూ మార్చలేని విధంగా పెట్టెలోనే స్థిరపరచండి.

రాత్రికాపరి (గుంటూరు):
అలాగే చేస్తాను. ఉద్యోగం ప్రస్తుతానికి మానడం లేదు. యజమాని నుంచి హక్కుల విషయంలో రాతపూర్వకంగా స్పష్టత తీసుకుని, తాత్కాలిక పేటెంటు దరఖాస్తు వేసి, బిగ్ గ్రాంటుకు సిద్ధమవుతాను. నైతిక సంఘం అనుమతి వచ్చేదాకా పెట్టె ఇంకెవరికీ ఇవ్వను. ఉక్కునగరం గారూ, వంతుల అలారానికీ సెన్సర్ హెచ్చరికకూ ప్రయోజనపు వాక్యాలు రెండింటినీ వేరువేరుగా రాసి మీకు పంపుతాను. ఒకే పరికరంగా వెళ్లాలా, రెండుగా వెళ్లాలా అన్నది చూసి చెప్పండి.